పదిహేనుముప్పావు

మోంటెవిడియో ప్రభుత్వ విశ్వవిద్యాలయం, రెండో అంతస్తు.
ఘనుల పేర్ల పలక.
నల్ల చెక్క మీద పసుపు అక్షరాలు:
వంతెనలు కట్టినవాళ్ళు, గొర్రెల జబ్బుకు మందు కనిపెట్టినావిడ,
ఒక మంత్రి. ఆయన ఇంటిపేరు మీద ఎవరో బబుల్‌గమ్ అంటించిపోయారు.

నలభై ఒకటో వరస
ఎవులాలియా బెంటాంకోర్, నదీ ప్రవాహాల ఆచార్యురాలు.
అందులో ఒకే ఒక్క సున్న.
దాని నోరు మూతపడలేదు.
తొందరపడి చదివితే బెంటాంకూర్.

రాసింది విల్మార్ ఎచెగోయెన్.
నిటారు గీతలు ముందు, సున్నలు ఆఖరికి,
అది అతని పద్ధతి.
ఆ మధ్యాహ్నం నిచ్చెన మీద
కుంచె ముప్పావు చుట్టు తిరిగింది,
మెట్ల మీద బూట్లు.
దిగమన్నారు. దిగాడు.
రంగు డబ్బాకి మూత పెట్టుకోనిచ్చారు, ఆపాటి మర్యాద.
ఆవిడను ప్రయోగశాలలోంచి
ఒండ్రు చేతులతోనే తీసుకెళ్ళారు.

పేరు చెరిపేయమని ఉత్తర్వు.
విల్మార్‌కి నడుంనొప్పి.
పదకొండేళ్ళు తగ్గలేదు.

తిరిగొచ్చిన రోజున ఆవిడ
కళ్ళజోడు మార్చుకుని పలక చూసింది.
అతను కుంచె నానబెట్టి తెచ్చాడు.
"వేలెడు గీతే, డాక్టరమ్మా."

ఆవిడ చేదు మాతే పీల్చి,
అదే గొట్టంతో అతనికందించి,
"ఉండనీ.
నా నదికి మాత్రం అవతలి గట్టు కనబడుతోందా?" అంది.

అతనికి నచ్చలేదు.
సగం పని సగం పనే అని గొణిగాడు.
గుమస్తాకిచ్చిన పాత బాకీ చీటీలో రాశాడు:
అక్షరాలు, పదిహేనుముప్పావు.