దువ్వెన తగిలిన చోట

శుక్రవారం పదకొండింటికి దొరిందా వస్తుంది.
బురేలా రేవులో చేపల డబ్బాల ఫ్యాక్టరీ మూసేసిన ఏడాది నుంచీ
ఈ కుర్చీ ఆమెదే.
డెబ్బై తొమ్మిదేళ్ళ తల, పింజల్లాంటి జుట్టు.
సెలూన్‌లో ఎవరూ ఎవరితోనూ మాట్లాడరు,
అద్దంతో మాట్లాడతారు.
నేను ఆ అద్దానికి చెవిని.

ఆ ఫిబ్రవరిలో దువ్వెన ఆనీ ఆనకముందే
"అమ్మో, మెల్లిగా సబేలా" అంది.
దిండు కూడా గుచ్చుకుంటోందట.
రొట్టె అంచు నమిలితే మూడో ముద్దకి దవడ అలిసిపోతోందట,
కాసేపు ఊరుకుంటే మళ్ళీ నమలగలదట,
మెట్లెక్కే ముసలాడు మలుపు మలుపుకీ ఆగినట్టు.
పళ్ళ డాక్టరు కట్టుడుపళ్ళు రెండుసార్లు అరగదీశాడు.
కళ్ళజోళ్ళవాడు అద్దాలు మార్చాడు.
బట్టలారేయడానికి చేతులు పైకి లేవకపోతే
పక్కింటి ఎలాదియో "వాన, వయసు" అని తేల్చేశాడు.
వయసు అన్న మాట ఎంత వీలైన గోనెసంచో!
ఏది పడితే అది అందులో కుక్కి
మూతి బిగించేయొచ్చు.

తర్వాత గొంతు తగ్గించి, అద్దంతో:
"మొన్న కాఫీ పొంగేంతసేపు
ఎడమ కంటి ముందు ఎవరో తెర దించారు.
మళ్ళీ వాళ్ళే ఎత్తేశారు."

నా వేళ్ళు కణత దగ్గర ఆగిపోయాయి.
ముప్ఫై ఏళ్ళుగా తలలు కడుగుతున్నాను,
అక్కడ చర్మం కింద ఒక చేపపిల్ల
ఎగిరెగిరి పడుతుంటుందని తెలుసు.
ఇక్కడ ఎగరడం లేదు.
తడిసి ఎండిన పడవతాడులా
బిర్రుగా, పూసలు పూసలుగా ఉంది.

సగం చుట్టిన రోలర్లతోనే కారెక్కించాను.

డాక్టర్ ఊషియాకి ఇంకా ముప్ఫై నిండినట్టు లేవు.
కుర్చీ దగ్గరికి జరుపుకుని అడిగింది:
"నొప్పి మొదటి ముద్దకేనా, నమలగా నమలగానా?"
అంతమంది అడగని ప్రశ్న.
రక్తాన్ని సన్నటి గొట్టంలో నిలబెట్టారు,
గంటలో ఎర్రకణాలు ఎంత దిగుతాయో కొలిచారు:
తొంభై ఆరు.
కణత మీద చల్లటి జెల్లు రాసి, స్కానింగ్ తెర మీద చూపించింది.
వాచిన గోడ. నాళం చుట్టూ నల్లటి వలయం,
చంద్రుడి చుట్టూ గుడి కట్టినట్టు.
దగ్గరి గుడికి దూరపు వాన అంటారు గానీ,
ఈ గుడి అలాంటిది కాదు.
వాన గుమ్మంలోనే ఉంది.

"ముక్క తీసి పరీక్షకి పంపుదాం.
మందు మాత్రం ఈ రాత్రే.
కన్ను ఒకసారి ఆరిపోయాక
ఏ రిపోర్టూ దాన్ని మళ్ళీ వెలిగించదు."

ముక్క తీసే చోట జుట్టు నేనే గొరిగాను,
ఇంకెవరినీ ముట్టుకోనివ్వనంది.
వారం తర్వాత కాగితం వచ్చింది: వాపు కనబడలేదు.
నేను చప్పట్లు కొట్టబోయాను.
ఊషియా ఒక్క మాత్ర కూడా తగ్గించలేదు.
ఈ జబ్బు వరసగా నడవదట.
మా తీరంలో వాన లాంటిదే,
ఫోజ్‌లో కురుస్తుంది, బురేలాని వదిలేస్తుంది,
సెర్వోలో మళ్ళీ అందుకుంటుంది.
తీసిన ముక్క పొడిగా ఉందంటే
తీయని నాళం తడవలేదని కాదు.

దొరిందాకి రెండు కళ్ళూ ఉన్నాయి.
మొహం గుమ్మడికాయంత అయింది, చక్కెర పెరిగింది.
తెల్లవారుజామున మూడింటికి లేచి వంటింటి గచ్చు తోముతుంది,
దానికి కూడా నన్నే తిడుతుంది.

ఇప్పుడు అరవై దాటినవాళ్ళు ఎవరు కూర్చున్నా
రొట్టె సంగతి అడుగుతాను.
"క్షవరానికొస్తే పళ్ళు లెక్కపెడతావేం" అని నవ్వుతారు.
నవ్వనీ.
నా వేళ్ళు చేపపిల్లని వెతుక్కుంటాయి.

గొప్పకి చెప్పడం లేదు.
దొరిందాకి ముందు బెనిగ్నా ఉంది.
ఆమె తల కూడా ఇలాగే నొచ్చేది.
ఆమె కోసం మెత్తటి బ్రష్ కొన్నాను,
అది దయ అనుకున్నాను.
ఒక సోమవారం కుడి కన్ను పోయింది,
బుధవారానికి రెండోది.

ఇప్పుడు చెల్లెలి చెయ్యి పట్టుకుని వస్తుంది.
అలవాటు కొద్దీ అద్దం ముందే కూర్చోబెడతాను.
ఆమె అద్దంతో మాట్లాడదు.
మెడ వెనక్కి తిప్పి, సరిగ్గా నా మొహం ఉన్న వైపుకి,
"ఆ మెత్తటి బ్రష్ ఉందా ఇంకా?" అంటుంది.

సొరుగులో ఉంది.