లస్కరు కూతురు

నాన్న నరసాపురం కాలవ మీద లస్కరు.
ఖాకీ నిక్కరు, మూడు బ్యాటరీల టార్చిలైటు.
వంతుల రోజుల్లో అర్ధరాత్రి గట్టెంట నడిచేవాడు,
ఎవడి చేలోకి నీళ్ళు దొంగతనంగా మళ్ళాయో చూడ్డానికి.
ఒకసారి పైఊరి ఆసామి చీటీ చూపించాడు:
ఇంజనీరుగారి సంతకం, కింద గుండ్రటి ముద్ర.
నాన్న దణ్ణం పెట్టి వెనక్కొచ్చేశాడు.
సంతకం దొంగదని తేలేసరికి
శివారు చేలు నెర్రెలిచ్చాయి.

ఇదెందుకు చెబుతున్నానంటే
నా ముప్పయ్యొక్కేళ్ళ పరిశోధనంతా
ఆ చీటీ గురించే.

*

కాకినాడలో నా గది మార్చురీకి ఎదురు.
కిటికీ తెరిస్తే ఫార్మలిన్ వాసన, మూస్తే ఉక్క.
మొదట్లో ద్రవ నైట్రోజన్‌కి డబ్బుల్లేక
పశువుల ఆసుపత్రివాళ్ళని బతిమాలేదాన్ని.
ఒంగోలు గిత్తల వీర్యం దాచే క్యానులో
ఓ మూల, ఆడవాళ్ళ రొమ్ముగడ్డల కణాలు.
నవ్వొచ్చేది. రెండేళ్ళు అలాగే గడిచింది.

ఎనభై మూడో స్లైడు.
కొప్పాడి మంగతాయారు, నలభై రెండు, లేసు పని, సీతారాంపురం.
మూడు తలుపులు తట్టాను,
మూడింట్లోనూ ఎవరూ లేరు.
లేకపోవడమే పేరైన జబ్బది.

ఊదారంగులో గడ్డ.
దాని చుట్టూ కాపలా కణాలు, ఆవాలు జల్లినట్టు, వందలు.
గట్టు మీదే నిలబడ్డాయి.
లోపలికి ఒక్కటీ దిగలేదు.
గడ్డ వాటికి చీటీ చూపిస్తోంది,
నేను మనవాళ్ళ మనిషినేనని.

కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాను.
టార్చి ఆర్పి, దణ్ణం పెట్టి, వెనక్కి తిరిగిన నాన్నలు
ఎంతమందో.

*

నాలుగో ఇంజక్షన్‌కి వచ్చినప్పుడు మంగతాయారు అడిగింది:
"ఆయ్, వేళ్ళు తిమ్మిరెక్కిపోతన్నాయండి, కొక్కెం జారిపోతంది.
పేణం సంగతి తర్వాత అడుగుతాను గానండి,
వేళ్ళు ఎప్పుడొత్తాయండి?"

నా కాగితాల్లో వయసుకి గడి ఉంది, గడ్డ కొలతకి గడి ఉంది.
వేళ్ళకి లేదు.

కాలవలు కట్టేసిన మే నెలలో పోయింది.
నా మైక్రోస్కోపుకి లేసు ముసుగు అల్లుతోందట;
వాళ్ళాయన తెచ్చిచ్చాడు,
మూడువైపులా అంచు, నాలుగోవైపు వేలాడే దారం,
దారానికింకా కొక్కెం.

*

పదహారేళ్ళకు మందొచ్చింది, చీటీ చించే మందు.
మా దగ్గర ఇరవై ఆరుగురికి ఎక్కించాం.
తొమ్మిదిమందిలో దిగారు లస్కర్లు,
దిగి, గడ్డకి నీళ్ళు కట్టేశారు.
ఒకామెలో మాత్రం ఆ ఊపున ఆగక
థైరాయిడ్ మడినీ తొక్కేశారు.
ఆవిడ రోజూ పొద్దున్నే మాత్ర వేసుకుని
రొయ్యల చెరువు మీద ఏరేటర్లు తిప్పుకుంటోంది.

మిగతా పదిహేడుగురి సంగతి అడక్కండి.
కాదు, అడగండి.
నేనూ అదే అడుగుతున్నాను.

*

మొన్న గురువారం బీరువా తాళాలు
గుబ్బల హేమలతకి అప్పజెప్పాను.
పాఠం చెప్పలేదు. ఎనభై మూడో స్లైడు పెట్టి
చూడమన్నాను, అంతే.
కొక్కెం ముంజేతికి తగులుతుంటే పక్కకి జరిపి
చాలాసేపు చూసింది.
టీ చల్లారిపోయింది.

"మేడమ్, ఎడమపక్క కింద, ఆ మడత దగ్గర,
మూడు కణాలు లోపలున్నాయి కదండీ?"

ఎన్నిసార్లు చూశానో ఆ పలకని.
ఒక్కటీ దిగలేదని ఎన్ని సభల్లో చెప్పానో.
కుర్చీ లాక్కుని కన్ను ఆనించాను.

ఉన్నాయి.
ముగ్గురు.
చీకట్లో, చీటీ చదవకుండానే
చేలోకి దిగినవాళ్ళు.