ఖాళీ వేరు, సున్న వేరు

నాకు పిట్టలు తెలీవు. నాకు తెలిసింది గేర్లు,
పాత వ్యాను మూడో గేరులో పెట్టే గోల,
ఏప్రిల్ బురదలో ఏ చక్రం ముందు దిగబడుతుందో అది.
రిస్తీ అపాయ్ నన్ను పనిలో పెట్టుకున్నది అందుకే.

రెండు కిలోమీటర్లకోసారి ఆగాలి.
ఇంజను ఆపెయ్యాలి. పది నిమిషాలు.
కజక్ గడ్డినేల ఈ చివర నుంచి ఆ చివరకి
ఆవిడ దుర్భిణి తిప్పుతుంది,
చెప్పింది నేను కాగితం మీద రాస్తాను.
మొదటి రోజు ఆవిడేమీ చెప్పలేదు.
నేనేమీ రాయలేదు.

సాయంత్రం కాగితం చూసి, కళ్ళజోడు తీసి తుడుచుకుంది.
"ఖాళీ అంటే ఎవరూ రాలేదని, తురార్.
సున్న అంటే మనం వచ్చాం, నిలబడ్డాం,
గాలికి చెవులు కోసుకుపోయాయి,
చూశాం, లేదు అని.
ఖాళీ వేరు. సున్న వేరు."
ఆ రాత్రి లాంతరు దగ్గర పందొమ్మిది సున్నలు చుట్టాను,
కాగితం మీద గుడ్లు పెడుతున్నట్టు.

తీతువే అది. కానీ ఏ ఇంటి మీదా చావు కబురు కూయదు.
నెత్తిన నల్ల టోపీ, కంటి మీద తెల్ల గీత.
గొర్రెలు కొరికేసిన పొట్టి గడ్డిలోనే కాపురం:
గుర్రపు గిట్ట పడిన గుంటలో నాలుగు గుడ్లు,
చుట్టూ ఎండిన పెంటికలు.
అపాయ్ గుడ్డుని గిన్నె నీళ్ళలో వదిలి చూసేది.
అడుగున పడుకుంటే నిన్నో మొన్నో పెట్టింది,
నిటారుగా నిలబడితే వారం దాటింది,
తేలితే, లోపల ఎవరో అప్పుడే సర్దుకుంటున్నారు.
స్కార్ఫు అంచుతో తడి అద్ది
తీసిన చోటే, తీసిన తీరుగానే పెట్టేది.

దౌకెన్ తాత గొర్రెల లెక్క చెప్పేవాడు.
సామూహిక పొలం ఉన్న రోజుల్లో పన్నెండు వేలు.
ఒక శీతాకాలం జీతాలు రాలేదు.
కొన్ని తిన్నాం, కొన్ని పిండికిచ్చాం.
గడ్డి మోకాలు దాటింది, నడుము దాటింది,
పిట్ట దిగడానికి చోటు లేకపోయింది.
"ఇప్పుడు నా రెండొందలు మేసినంత మేరే వాటి దేశం" అన్నాడు.
"ఆ రెండొందలే గుడ్లు తొక్కేస్తాయి కూడా" అంది అపాయ్.
టీ చల్లారిందాకా ఆలోచించి,
"అయితే నన్ను రెండు గళ్ళలోనూ రాసుకో" అన్నాడు.

నాలుగో వసంతానికి ఆవిడ కుడికంట్లో పొర.
"నువ్వు చూడు" అని దుర్భిణి ఇచ్చింది.
ఇరవై ఆరో మజిలీ.
గడ్డి. గడ్డి మీద మబ్బు నీడ. మళ్ళీ గడ్డి.
ఆవిడ మొహం నా వైపే ఉంది.
"రెండు" అన్నాను.

దారంతా కూనిరాగం తీసింది.
ఆ అంకెని నాలుగు గంటలు మోసి
టీ మరిగే వేళకి దించేశాను.
కోప్పడలేదు. ఒక్క గీతతో కొట్టేసింది,
పక్కన సున్న, తారీఖు, తన పొడి అక్షరాలు.
"చెరపకు. తప్పు కూడా కనబడాలి."
పొయ్యి ఆర్పాక, చీకట్లో అడిగింది:
"కలిసే ఉన్నాయా రెండూ, దూరంగానా?"
"కలిసే" అన్నాను.

ఈ ఏడు ఒక్కణ్ణే.
ఆవిడ పట్నంలో, ఆఫీసులో,
పెద్దక్షరాల తెరకి ముక్కు ఆనించి కూచుంటుంది.
రాత్రి నేను ఫోన్లో చదువుతాను, ఆవిడ ఎక్కిస్తుంది.

ఇరవై ఆరు. ఇంజను ఆపాను. పది నిమిషాలు. సున్న చుట్టాను.
తాళంచెవి తిప్పబోతుంటే, పదకొండో నిమిషంలో,
క్రెచ్, క్రెచ్ అంటూ
నల్ల టోపీవాడొకడు వ్యాను నీడలోకి నడిచొచ్చాడు,
నా చక్రం తవ్విన గాడిలోంచి పురుగుని లాగాడు.
నేను ఊపిరి బిగబట్టుకున్నాను.
వాడు తాపీగా తిన్నాడు.

గడువు దాటి వచ్చింది లెక్కలోకి రాదు.
సున్నని సున్నగానే ఉంచాను.

రాత్రి ఫోన్లో, "ఇరవై ఆరు?"
"సున్న."
ఎలా అన్నానో ఏమో,
అవతల మీటల చప్పుడు ఆగింది.
"ఒక్కడేనా?" అంది.