చల్లారేదాకా

మూత మీద చెయ్యి పెట్టగానే తెలిసిపోయింది.
వెచ్చగా ఉంది.
మేం రాకముందే ఎవరో దీన్ని నిద్ర లేపారు.

కాసిమేడులో, ఐసు మర వెనక,
నీలం డ్రమ్ము అంచుకి బిగించిన పది గుర్రాల ఇంజను.
పడవతో కలిపి అమ్మకం.
పడవ సరే, మంచీ చెడ్డా పైకే కనపడుతుంది.

"ఒక్క లాగు చాలు మేస్త్రీ" అన్నాడు దేశింగు.
నిజమే. ఒక్క లాగుకే అందుకుంది.
వేడిగా ఉన్నప్పుడు ఏదైనా అందుకుంటుంది.
ఆపు, అన్నాను.
చల్లారనీ.

ముప్పై ఏళ్లు వీటి పక్కన బతికి
ఎడమ చెవి వీటికే ఇచ్చేశాను.
కుడిది సగం మిగిలింది.
ఆ పోయిన సగం
ఇప్పుడు అరచేతిలో ఉంది.

నాగూరమ్మ వలల గుట్ట మీద కూర్చుంది
టిఫిను క్యారియరు ఒళ్లో పెట్టుకుని.
పై గిన్నెలో చింతపండన్నం,
కింది గిన్నెలో చీటీ పాడుకున్న డబ్బు.
దారిలో బస్సు కుదిపినప్పుడల్లా
కింది గిన్నెనే తడుముకుంది.

ఊరికే కూర్చోలేను నేను.
అడుగు మర విప్పి ఒక చుక్క నూనె వేలికి తీశాను.
నల్లగా ఉంటే వయసు అనుకుందును.
పాలు పోసినట్టుంది.
"ఏంటది?" అంది.
"కాఫీ."
"మనం తాగేది కాదుగా?"
కాదు. లోపలికి నీళ్లొచ్చి కాపురం పెట్టాయి.

రెక్కల అంచులు ఆకురాయితో సాపు చేశారు,
రాయి కొరికిన చోటు తెలియకూడదని.
కొత్త రంగు గోటితో గీకితే
కింద పాత రంగు లేదు, ఉప్పుంది.
ప్లగ్గులు తీసి బొక్క మీద బొటనవేలు ఆనించి
మెల్లగా లాగమన్నాను.
మొదటిది వేలిని తోసేసింది.
రెండోది తొయ్యలేదు,
పిల్లాడు వేడన్నం మీద ఊదినట్టు
ఊదింది, అంతే.

మొదటి టీకి, ఒక్క చేతి బండి అన్నాడు.
రెండో టీకి అయిదు వేలు తగ్గాడు.
ఐసు లారీ వచ్చి, దింపి, పోయింది.
దాని చక్రాల గుర్తుల్లో నీళ్లు నిలిచాయి,
పిల్లి ఒకటి వచ్చి తాగింది.
మూత మీద మళ్లీ చెయ్యి పెట్టాను.
ఇంకా కాదు.

మూడో టీ గ్లాసు అతని చేతిలోనే చల్లారింది.
అంతదాకా మా కోసం మా తెలుగే మాట్లాడినవాడు
"ముంగిడుచ్చు" అన్నాడు,
ఇసకతో చెప్పినట్టు, తల ఎత్తకుండా.

నేను "ఎన్ని రోజులు?" అన్నాను.
అదే క్షణంలో నాగూరమ్మ
"మనిషి?" అంది.

"రెండు రోజులు" నాతో అన్నాడు.
ఆమె వైపు తిరిగి,
"మనిషిని నేనే. ఈదుకుంటూ వచ్చా.
మళ్లీ ఎక్కలేదు. ఆటో తోలుతున్నా."

ఆ మాట విప్పే పానా
నా సంచిలో లేదు.

ఇంజను చల్లబడింది.
తాడు నేనే అందుకున్నాను.
నాలుగు. అయిదు.
ఏడుకి భుజం పట్టేసింది.
ఎనిమిదోది దేశింగు లాగాడు, నన్ను పక్కకి జరిపి,
తన ఇంజను తనకే లొంగనట్టు పళ్లు కొరుకుతూ.
తొమ్మిదికి దగ్గింది.
పదకొండుకి అందుకుంది.

పక్క గొట్టంలోంచి నీళ్లు
ముసలాడి ఉచ్చలా
ఆగి, ఆగి.
నాగూరమ్మ లేచొచ్చి
నా చెయ్యి పక్కన తన చెయ్యి ఆనించింది.
"ఏమంటోంది?"
ఒక కాలు కుంటుతోంది, అన్నాను.
బాగు చెయ్యొచ్చు, ఖర్చవుతుంది.
నడిసంద్రంలో పదకొండు సార్లు లాగే ఓపిక
పక్కన ఎవరికైనా ఉండాలి.

ఆమె చాలాసేపు చెయ్యి తియ్యలేదు.
దేశింగు కూడా ఆపమని అడగలేదు.

తరవాత క్యారియరు గొళ్లెం విప్పింది.
పై గిన్నె తీసి మూత బోర్లించి
అందులో ముందు అతనికి పెట్టింది.
ముగ్గురం తిన్నాం.
కింది గిన్నె
ఇంకా మూసే ఉంది.