కదలనిది మళ్ల రాయది

కొత్తవాడల మా మిక్సింగు గది కింద
బైరి ఓదెలు మగ్గం.
పైన నేను పెండ్లిండ్లు కుదిస్త,
కింద ఆయన జంపఖానలు నేస్తడు.
మగ్గం పడ్డప్పుడల్ల గోడ సన్నగ అదురుతది,
నా మానిటర్ల పెండ్లికొడుకు గడ్డం గూడ.

మొన్నటిది పరకాల పెండ్లి.
మూడు కెమెరాలు, ఒక డ్రోను, పదకొండు గంటలు.
పిల్ల అన్న రాజమొగిలి
ఎన్ని జీబీలో చూసి బిత్తరపోయి
"ఫోన్ల పట్టాలె, టీవీల ఆడాలె,
మొకాలు మాత్రం ముద్ద గావద్దు" అని
అడ్వాన్సు ఇయ్యకనే పోయిండు.

నాకు రెండు దార్లు.
ఒకటి పేటెంట్లది. ఉరుకుతది.
నా కార్డుకు అది పుట్టుకతోనే తెలుసు,
రాజమొగిలి ఇంట్ల టీవీకి తెలుసు,
వాళ్ల మేనత్త డబ్బా ప్లేయరుకూ దాని తమ్ముడు తెలుసు.
ఆ దారి మొదట్ల ఒక గేటు,
గేటు దాటితే ఇంకో గేటు,
ఒకని రశీదు ఇంకొకడు చూడడు.
నిజం చెప్పాలె, నన్నెవ్వడూ ఆపలే.
నా తరఫున చిప్పు చేసినోడు కట్టిండు,
ఆ కట్టింది నేను కొన్న కార్డు ధరల
కూరల ఉప్పు తీరుగ కరిగి ఉన్నది.

రెండోది ఎవలకూ బాకీ లేనిది.
రాసినోళ్లు రాసి బజార్ల పెట్టి
కొంటవోండ్రి అన్నరు, పైస వద్దన్నరు.
ఫైలు సన్నగైతది, మొకం చెడది.
కానీ దానికి రాత్రి గావాలె.
ఆరేండ్ల నా కంప్యూటర్ మీద
ఒక్క తలంబ్రాలకే తెల్లారుతది.

రాత్రి పన్నెండుకు ఫ్యాను రొద విని
ఓదెలు మెట్లెక్కి వచ్చిండు.
"ఏంది బిడ్డా, నూకలు విసురుతున్నవా?"

చెప్పిన.
ఒక బొమ్మను నిండుగ రాసుకుంటది కాకా.
తర్వాత కదలనిది మళ్ల రాయది.
పందిరి కదలలే, రాయది.
అయ్యగారి చెయ్యి కదిలింది,
ఎటు జరిగిందో అంత మట్టుకే రాస్తది.

"గింతేనా?
పడుగు ఒక్కసారే పోస్త నేను.
రంగు మారిన కాడనే పేక మారుస్త.
మిగిలింది ముందటి వరుస చెప్తది.
గీ ఉపాయానికి ఎవలకో పైసలా?"

నేను నవ్వబోయిన.
ఆయన తెర మీద వేలు పెట్టిండు.
చుట్టాల కాళ్ల కింద జంపఖాన,
ఎర్ర గళ్లల్ల నల్ల మెట్లు.
"గిది మా చిన్నాయనది.
గుంట మగ్గంల ఏడు నెలలు కూసోని కట్టిండు.
పదిహేను దినాలల్ల వాడంత నేసిండ్రు.
ఆయన పేరు ఎవ్వలు తియ్యలే.
ఆ ఏడే సైకిలు అమ్ముకున్నడు."

ఫ్యాను తిరుగుతనే ఉన్నది.

"ఉత్తగ ఇచ్చుడు మంచిదే బిడ్డా.
ఇచ్చినోడు తిన్నడా లేదా, అడిగినవా?"

అడగలే.
తెలిసింది చెప్పిన:
వాళ్లకు జీతాలున్నయి కాకా,
గేట్ల కాడ కట్టీ కట్టీ యాష్టకొచ్చిన
పెద్ద పెద్ద కంపెనీలు
తలా ఇంత వేసుకొని రాయించినయి.

"అట్లనా" అన్నడు మెట్లు దిగుకుంట.
"అయితే గది దానం గాదు. చందా."

నాలుగు దినాలకు రాజమొగిలి
పెన్‌డ్రైవు పట్టుకొని మళ్ల వచ్చిండు.
టీవీ నల్లగ ఉంటుందట.
సన్నాయి వినబడుతుందట,
చెల్లె నవ్వు వినబడుతుందట,
మొకం లేదట.

గేట్ల దారిలనే మళ్ల తీసిచ్చిన.
ఇరవై నిమిషాల పని.
పైసలు లెక్కపెట్టుకుంట అడిగిండు,
"ముందుగాల్నే గిట్ల ఇస్తే ఏమాయె?"

ఏం చెప్పాలె.
కింద మగ్గం ఆడుతున్నది.
ఆ నల్ల ఫైలు నా డిస్కులనే ఉన్నది,
తుడవలే.
దాంట్ల మూడో గంటకాడ
ఏడు నెలల జంపఖాన
ఎవ్వలూ తొక్కని ఒక మూల
కదలకుంట ఉంటది.
ఒక్కసారే రాసి ఉంటది.