నాణ్యత: అరవై

బడీచౌడీ గల్లీలో చెప్పుల దుకాణం మీద
మూడో అంతస్తు.
ముజఫ్ఫర్ సాబ్ స్టూడియో మూసేశాక మిగిలినవి
నలభై ఒక్క వేల నెగటివ్‌లు,
బిస్కెట్ డబ్బాల్లో, పెళ్ళివారి పేర్లతో.
మూత తీస్తే సిర్కా వాసన.

నా పని ఒక్కోదాన్నీ స్కానర్ మీద పరచడం,
దుమ్ము ఊదడం, మీట నొక్కడం.
డిస్కు ఒక్కటే. కొత్తది కొనరు.
"కుదించు బేటా" అన్నారు సాబ్.
"సంచిలో బియ్యం కుదేసినట్టు కాదు,
పెట్టెలో చీర మడిచినట్టు."

పైసా అడగని సాఫ్ట్‌వేర్ ఒకటి దింపుకున్నాను.
దానికి యజమాని లేడు, వాకిలికి గొళ్ళెం లేదు.
ఎవరెవరో రాత్రుళ్ళు కూర్చుని రాసి
చలివేంద్రం కుండలా వీధిలో పెట్టి పోయారు.
బొమ్మని ఎనిమిదికి ఎనిమిది గళ్ళుగా కోస్తుంది,
ఒక్కో గడినీ తూకం వేస్తుంది.
ఖాళీ గోడకి ఒక్క అంకె చాలు.
జరీ అంచుకి యాభై కావాలి.
చీకటి మాత్రం చవక.

అరవై దగ్గర ముల్లు నిలిపాను.
పెళ్ళికొడుకు సెహ్రాలో ఒక్క పువ్వు చెదరలేదు.
సాబ్ కళ్ళద్దాలు తుడుచుకుని చూసి "షాబాష్" అన్నారు.
స్కాన్ అయిన నెగటివ్‌లు కిలోల లెక్కన
జుమ్మేరాత్ బజార్ కబాడీకి వెళ్ళిపోయాయి.
నాలుగు నెలలు అలాగే.
గచ్చు మీద చాయ్ గ్లాసు పెట్టుకునేంత చోటు దొరికింది.

అప్పుడొచ్చింది బాలామణి, కాచిగూడ నుంచి,
మెట్లెక్కిన ఆయాసంతో.
"మా తమ్ముడు సార్, సాయిలు.
బరాత్‌ల లైట్లు మోసెటోడు, నెత్తి మీద.
ఆనిది ఒక్క ఫోటో లేదింట్ల.
గీ పెండ్లిళ్ళన్నిట్ల ఉంటడు గదా, యాడనో ఓ దిక్కు."

పదకొండో పెళ్ళిలో దొరికాడు.
గుర్రం వెనక, బ్యాండువాడి ట్రంపెట్‌కి ఎడమ పక్క.
నెత్తి మీద ట్యూబులైట్లు తెల్లగా పేలిపోయి,
వాటి కింద మొహం.
పెద్దది చేశాను.
మూడు గళ్ళు:
బూడిద, ముదురు బూడిద, మళ్ళీ బూడిద.

ఆమె తెర మీద వేలు పెట్టి
"గిదేంది సార్, తుడిషిండ్రా?" అంది.

తుడిచింది నేనే.
ఏ వాక్యంలో తుడిచానో చూద్దామని
ఆ రాత్రి గొళ్ళెం లేని వాకిలి తోసి లోపలికెళ్ళాను.
వేల వరుసల కోడు. ఇరానీ హోటల్ ఖాతా పుస్తకంలా
అంచుల్లో చిన్న చిన్న మాటలు.
ఒకచోట అరవై నాలుగు అంకెల పట్టిక,
దాని నెత్తిన ఎవరో, ఎప్పుడో:
'సగటు కంటికి ఆననిది వదిలేయడానికి ఇవి.
మీ కన్ను వేరైతే మార్చుకోండి.'

సగటు కన్ను.
కింద షట్టరు పడిన చప్పుడు విన్నాను, లేవలేదు.

పట్టిక బొమ్మంతటికీ ఒకటే, దాన్ని ముట్టుకోలేదు.
దాని తర్వాత కోసే చోట ఒక షరతు పెట్టాను:
వెలుగు పక్కనున్న చీకటిని
నెమ్మదిగా కొయ్యి.
పదిహేడు వరుసలు. తొమ్మిదిసార్లు కూలింది.
పదోసారి నిలబడింది, ఫైలు
నూటికి పదకొండు వంతులు బరువెక్కి.

పదకొండో పెళ్ళి మాత్రం తిరిగి రాదు.
ఆ నెగటివ్ ఏ కొలిమిలో వెండి విడిచిందో.
మిగిలిన డబ్బాలు మళ్ళీ మొదలుపెట్టాం,
బాలామణి ఆదివారాలు వచ్చి పక్కన కూర్చునేది.
మూడో ఆదివారం నాకంటే ముందు తనే చూసింది.
"ఆగు!"
దవడ కింద గాటు. బుగ్గలో పాన్.
కెమెరా వైపు కాదు, వెనక జనరేటర్ తోసేవాడి వైపు
ఏదో తిడుతున్నాడు.
"ఎవల పెండ్లి ఇది?" అంది.
డబ్బా మీద పేరు చెరిగిపోయింది.

నా పదిహేడు వరుసలూ ఆ కుండ దగ్గరికే పంపాను.
ముక్కూమొహం తెలియనివాడు అడిగాడు,
ఇది ఎవరికి అవసరం అని.
గుర్రం వెనక నడిచేవాళ్ళకి, అని రాసి
చెరిపేసి
కొలతలు పంపాను.
ఒప్పుకున్నారు. అడిగితేనే పనిచేసేలా,
అడగనివాళ్ళకి పాత పద్ధతే.

రోజూ పొద్దున్నే అడుగుతున్నాను.
డిస్కు నిండిపోతోందని సాబ్ గొణుగుతున్నారు.
ఇంకా రెండొందల పెళ్ళిళ్ళున్నాయి.