వాయిదా చీటీ పెట్టిన పేజీ

ఇరవై రెండేళ్లుగా
పత్తికొండ కోర్టు గోడవార
టైపు మిషను ముందు కూచున్నా గానీ
ఒక్క నవలా చదివిందాన్ని కాదు.
దావాలు, వకాల్తాలు, అఫిడవిట్లు
నా వేళ్లు చదివేవి, నేను కాదు.

జూనియర్ వకీలు మద్దిలేటి
నూటెనభై రూపాయలు బాకీ ఉండి
ఈ లావు పుస్తకం చేతిలో పెట్టినాడు.
"హత్య కేసక్కా, పట్టుకుంటే వదలవు."

పట్టుకున్నా.
వదిలినా.

మొదటి అరవై పేజీల్లో
ఒకాయన కారు దిగతాడు,
మెట్లెక్కతాడు,
కాఫీ ముందర పెట్టుకుని చల్లారబెడతాడు.
శవం యాడుందని ఎవురూ అడగరు.
కిటికీ అద్దం మీద వాన గురించే రెండు పేజీలు.
మా పక్క వాన
అంతసేపు ఎప్పుడు పడిందప్పా?

మూడు రోజులు
కాగితాలు గాలికి లేయకుండా బరువు పెట్టుకున్నా.
ఆ పనికి బాగానే పనికొచ్చింది.

నాలుగోరోజు వకీళ్లు కోర్టు బహిష్కరించినారు.
మిషను మీద గుడ్డ కప్పి, బొరుగుల పొట్లం విప్పి
మళ్లీ పట్టుకున్నా.

తప్పులు పట్టినా, పట్టలేదనను.
ఆ కోర్టులో స్టాంపులు అయిపోవు.
కరెంటు పోదు.
బంట్రోతు మూడోసారి పేరు పిలిచేటప్పటికి
పంచె ఎగగట్టుకుంటా పరిగెత్తుకొచ్చే మనిషి
ఒక్కడూ లేడు.
కాగితాల్లో ఎవురి పేరూ తప్పు పడదు.
పడితే ఏమవుతాదో నాకు తెలుసు.
ఈరన్న బదులు వీరన్న అని కొట్టి
ఒక మనిషి పొలాన్ని
ఆర్నెల్లు ఆపినదాన్ని.
ఆయన తిట్టలేదు.
పక్కన కూచుని
"నిదానంగానే కొట్టు తల్లీ" అన్నాడు.

అప్పుడొచ్చింది ఆ జాగా.
గుడ్డలుతికే ఆమె సాక్షి బోనెక్కింది.
ఆ రాత్రి మేడ మీద దీపం వెలిగిందా లేదా?
అంతే ప్రశ్న.
ఆమె నాలుగు పేజీలు నోరు తెరవదు.
ఫ్యాను తిరుగుతుంటాది.
ఎవురో దగ్గి ఊరుకుంటారు.
మూల బల్ల కాడ టైపు చేసే పిల్ల వేళ్లు
అక్షరాల మీద ఆనీ ఆనకుండా
గాల్లో నిలబడి ఉంటాయి.

ఆ వేళ్లను చూసి రాసినోడెవడో గానీ
ఒకసారైనా మా తట్టు కూచుని ఉండాల.

ఎవురో వచ్చి
"అక్కా, ఒక అర్జీ" అన్నారు.
"ఉండప్పా, ఆమెను చెప్పనీ" అన్నా
తలెత్తకుండా.

అంత ఓపిక పట్టించి
చివరి ముప్పై పేజీల్లో లగెత్తినారు.
ఒక ఉత్తరం దొరుకుతాది,
ఒకడు ఏడుస్తాడు,
మార్కెట్టులో టమోటా గంప బోర్లేసినట్టు
నిజమంతా ఒకేసారి దొర్లి పడుతుంది.
కోపమొచ్చింది నాకు.
ఉరుకుందప్ప గట్టు తగాదా
పంతొమ్మిదేళ్ల నుంచి నడుస్తాంది.
వానలకు గట్టు కరిగిపోయింది,
కేసు కరగలే.
మొదట్లో విసుక్కున్న ఆ నిదానమే
మా ఊరిదని
చివరికొచ్చినాక గానీ తెలియలే.

"ఎట్లుందక్కా?" అన్నాడు మద్దిలేటి.
బాగుందనలే, బాగలేదనలే.
"నీ బాకీలో తొంభై కొట్టేసినా.
మిగతా తొంభై ఇచ్చిపో."

పుస్తకం మాత్రం తిరిగియ్యలే.
ఉరుకుందప్ప నా బల్ల మీద మరిచిపోయిన
పాత వాయిదా చీటీ
ఆ నాలుగు పేజీల నడుమ పెట్టినా.
పని లేని మధ్యాహ్నం
అక్కడికే తెరుస్తా.

ఆమె ఇంకా ఏమీ చెప్పలేదు.
ఆ పిల్ల వేళ్లు ఇంకా దిగలేదు.